స్టెంట్ ఉన్నచోటే ఉంది, క్రియాటినిన్ మాత్రం మళ్లీ పెరుగుతోంది

అమ్మకోసం:
అమ్మకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. గడ్డ రెండు వైపులా మూత్రనాళాలను నొక్కేయడంతో కిడ్నీలు వాచాయి, డీజే స్టెంట్లు (కిడ్నీ నుంచి మూత్రసంచి దాకా లోపలే ఉండే సన్న గొట్టాలు) వేశారు. మొదట్లో క్రియాటినిన్ (రక్తపరీక్షలో చూసేది, కిడ్నీలు సరిగా పనిచేయకపోతే పెరుగుతుంది) బాగానే దిగింది. ఇప్పుడు మళ్లీ ఎక్కుతోంది. ఎక్స్‌రేలో స్టెంట్లు కదల్లేదంటున్నారు. కదలకపోతే మూత్రం ఎందుకు దిగట్లేదు? ఇక నెఫ్రోస్టమీ పెట్టాలంటున్నారు. వీపులోంచి నేరుగా కిడ్నీలోకి గొట్టం, బయట మూత్రం చేరే సంచి అనగానే అమ్మ ససేమిరా అంటోంది. ఎవరికైనా ఇలా అయిందా?

పేగుబాధితుడు:
నాకూ ఇదే జరిగిందండీ, పెద్దపేగు క్యాన్సర్ వల్ల. ఎక్స్‌రే స్టెంట్ ఎక్కడుందో చెబుతుంది కానీ, మూత్రం పారుతోందో లేదో చెప్పదు. మామూలుగా మూత్రం స్టెంట్ లోపల నుంచే కాదు, దాని పక్క నుంచి కూడా జారుతుంది. గడ్డ బయట నుంచి బిగిస్తే ఆ పక్కదారి మూసుకుపోతుంది. ఇక మిగిలేది లోపలి సన్న రంధ్రం ఒక్కటే. అందులో కాస్త రక్తం గడ్డకట్టినా, ఉప్పు పేరుకున్నా పని అయిపోయినట్టే. రాళ్ల కోసం వేసిన స్టెంట్‌తో పోలిస్తే, క్యాన్సర్ గడ్డ నొక్కే చోట స్టెంట్ విఫలమవడం ఎక్కువ.

రాత్రిడ్యూటీ:
యూరాలజీ వార్డులో నర్సుని. పైన చెప్పింది నిజం. ఒక్క మాట కలుపుతాను. స్టెంట్ ఉన్నప్పుడు మూత్రసంచి నుంచి మూత్రం పైకి ఎగదన్నుతుంది కాబట్టి, స్టెంట్ బాగా పనిచేస్తున్నా స్కాన్‌లో కొద్దిపాటి వాపు కనిపించొచ్చు. అందుకే వాపు ఒక్కటే చూసి టెన్షన్ పడకండి, క్రియాటినిన్‌తో కలిపి చూస్తారు. మామూలు స్టెంట్‌ని సాధారణంగా 3 నెలలకోసారి మారుస్తాం. త్వరగా మూసుకుపోయే వాళ్లకి ఇంకా ముందే మార్చడం, ఒకే నాళంలో రెండు స్టెంట్లు పక్కపక్కన వేయడం, దాదాపు ఏడాది ఉండే లోహపు స్టెంట్ వేయడం లాంటి దారులున్నాయి. మీ అమ్మగారికి ఏది కుదురుతుందో యూరాలజిస్టునే నేరుగా అడగండి.
ఇంకోటి. చలితో జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు. మూసుకున్న కిడ్నీలో చీము చేరితే గంటల్లోనే పరిస్థితి విషమిస్తుంది. వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వాడొద్దు, అవి కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి.

సంచితోడు:
మా ఆయనకి నెఫ్రోస్టమీ ఉంది. నిజం చెప్పాలంటే స్టెంట్ కంటే దీంతోనే ఆయన ప్రాణం కుదుటపడింది. స్టెంట్ ఉన్నన్నాళ్లూ పదేపదే మూత్రం, పోసేటప్పుడు నడుములోకి పొడిచినట్టు నొప్పి, కాస్త నడిస్తే ఎర్రగా పోయడం. టామ్సులోసిన్ (మూత్రనాళం కండరాలను వదులు చేసే మందు) ఇస్తే కొంత నయమే అనిపించింది, పూర్తిగా మాత్రం పోలేదు.
సంచి కష్టం వేరే రకం. మంచం దిగేటప్పుడు గొట్టం దుప్పటిలో చిక్కుకుని ఒకసారి గట్టిగా లాగేసింది. అప్పటి నుంచి పడుకునే ముందు గొట్టాన్ని కొంచెం వదులుగా ఉంచి పొట్ట పక్కన టేపుతో అంటిస్తాను, సంచి కిడ్నీ కంటే కిందే ఉండేలా చూస్తాను. మూత్రం తగ్గిందనిపిస్తే ముందు గొట్టం ఎక్కడైనా మడతపడిందేమో చూడండి. గొట్టం ఊడి వస్తే రేపు వెళ్దాంలే అనుకోకండి, దారి త్వరగా పూడుకుపోతుంది.

నాన్నబిడ్డ:
కొంచెం కటువుగా ఉంటుందేమో, క్షమించండి. గొట్టం పెట్టాక తర్వాత ఏంటి అన్నది ఆంకాలజిస్టుని అడిగారా? సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందు ఇవ్వాలంటే కిడ్నీలు పనిచేయాలి, అప్పుడు గొట్టానికి అర్థం ఉంది. మా నాన్నకి ఇక చికిత్స ఏదీ మిగల్లేదు. ఆయన వద్దన్నారు, మేమూ బలవంతపెట్టలేదు. నొప్పి లేకుండా చూసుకున్నాం.

అమ్మకోసం:
అడిగానండీ. కీమో మళ్లీ మొదలుపెట్టాలనే అంటున్నారు. సంచితోడు గారి పోస్టు అమ్మకి చదివి వినిపించాను. "అయితే మూత్రానికి పదిసార్లు లేవక్కర్లేదా?" అని అడిగింది. ఒక వైపు పెడితే సరిపోతుందా, రెండు వైపులా పెట్టాలా?

రాత్రిడ్యూటీ:
చాలాసార్లు బాగా పనిచేసే కిడ్నీ ఒక్కదానికి పెడితే చాలు, అది వాళ్లే చూసి చెబుతారు. ఆ వైపు స్టెంట్ ఉంచుతారా తీసేస్తారా అనీ అడగండి. స్టెంట్ మిగిలితే మంట, లేవడం అలాగే ఉండొచ్చు. అమ్మగారు రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఇప్పుడే చెప్పండి, గొట్టం పెట్టే ముందు వాటిని ఆపాల్సి రావొచ్చు. పెట్టాక మొదట్లో మూత్రం చాలా ఎక్కువగా రావొచ్చు, అప్పుడు ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోకుండా చూడాలి. సంచిలోకి ఎంత వచ్చిందో రోజూ రాసిపెట్టండి, డాక్టర్ తప్పకుండా అడుగుతారు.