విద్యార్థి బడ్జెట్‌లో జిమ్: ఏడాదికి ఒకేసారి కట్టాలా, నెల నెలా కట్టాలా?

తొలిసెట్:
హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను, జిమ్‌కి కొత్త. నడిచి వెళ్లే దూరంలో రెండు జిమ్‌లు ఉన్నాయి. మొదటిదాంట్లో ఏడాదికి ఒకేసారి కడితే ఏడు నెలల ఫీజే తీసుకుంటామంటున్నారు. జాయినింగ్ ఫీజు ఇంకో నెల ఫీజంత. రెండోదాంట్లో నెల ఫీజు అంతే, జాయినింగ్ ఫీజు లేదు, కానీ మెషీన్లు తక్కువ. క్లాసులు సాయంత్రం 4కి అయిపోతాయి. పరీక్షలప్పుడు, సెలవుల్లో వెళ్లడం కుదరదు. చేతిలో డబ్బు చాలా తక్కువ, ఒకసారి కట్టాక వృథా అయితే మళ్లీ కట్టలేను. ఏది మేలు? చేరేముందు ఏం చూడాలి?

లెక్కాపత్రం:
ముందు మీ కాలేజీ ఫీజు రసీదు తీసి చదవండి. అందులో క్రీడల ఫీజు అనో సౌకర్యాల ఫీజు అనో ఉంటే, క్యాంపస్ జిమ్‌కి మీరు ఇప్పటికే డబ్బు కట్టేసి ఉండొచ్చు. ఆఫీసులో అడిగి తేల్చుకోండి. అది లేదంటే స్థానిక సంస్థలు నడిపే వ్యాయామశాలల గురించి వాకబు చేయండి. వాటికి పెద్దగా ప్రకటనలు ఉండవు, ఫోన్‌లో వెతికితే సరిగ్గా దొరకవు. స్వయంగా వెళ్లి అడగడమే మంచిది.

ఇక మీ రెండు జిమ్‌ల లెక్క. నెల ఫీజు 100 అనుకుందాం. మొదటిదాంట్లో ఏడాదికి 700, జాయినింగ్ 100, మొత్తం 800. పన్నెండు నెలల్లో సెలవులకు రెండున్నర, పరీక్షలకు రెండు విడతలూ కలిపి ఒకటిన్నర తీసేస్తే మీరు వెళ్లేది ఎనిమిది నెలలు. రెండోదాంట్లో ఎనిమిది నెలలు కట్టినా 800 దగ్గరే తేలుతుంది. ఏడాది ప్యాకేజీలో కనిపించే తగ్గింపు మీ విషయంలో లేనట్టే. పైగా మూడో నెలలో మానేయాల్సి వస్తే రెండోదాంట్లో పోయేది 300, మొదటిదాంట్లో పోయేది 800. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నెల నెలా కట్టడమే నయం అని నేను గట్టిగా చెప్తాను.

డే పాస్ ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోండి. నెలకి 100, రోజుకి 12 అయితే, నెలలో 8 సార్లు వెళ్తే డే పాస్‌లకి 96 అవుతుంది, తొమ్మిదోసారికి 108. అంటే వారానికి రెండు రోజులే వెళ్లేవాళ్లకి డే పాస్ చాలు. పదిసార్ల కూపన్ లాంటిది దొరికితే ఇంకా మంచిది, కానీ దాని గడువు ఎన్ని రోజులో తప్పకుండా అడగండి.

ఇంకొక మాట. నెల అంటే చేరిన రోజు నుంచి 30 రోజులా, లేక ఒకటో తారీఖు నుంచా? చేరిన రోజు నుంచే అయితే సెలవులు అయిపోయి తిరిగొచ్చిన రోజున డబ్బు కట్టండి. పరీక్షలకు పది రోజుల ముందు కొత్త నెల మొదలుపెట్టొద్దు.

రాక్‌పక్క:
లెక్క సరిగ్గా ఉంది. దానికి తోడు, మీరు రోజూ వెళ్లబోయే వేళకే వెళ్లి చూడాలి. మధ్యాహ్నం ఖాళీగా కనిపించే జిమ్ సాయంత్రం 6కి కిక్కిరిసిపోతుంది. ఒక మనిషి స్క్వాట్ (బరువు మోస్తూ కూర్చుని లేవడం) మూడు సెట్లు, వార్మప్ సెట్లు, మధ్యలో రెండు మూడు నిమిషాల విరామంతో చేస్తే రాక్ (బార్ ఆనించి పెట్టే ఇనుప చట్రం) దగ్గర 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. మీ ముందు ఇద్దరుంటే అరగంట పైగా నిలబడాల్సిందే. మీ క్లాసులు 4కే అయిపోవడం మీకు కలిసొచ్చే విషయం. రద్దీ లేని వేళలకి తక్కువ ఫీజు ఉందేమో అడగండి. 5 లోపు లోపలికి వస్తే చాలా, లేక 5కల్లా బయటికి వెళ్లిపోవాలా అన్నది కూడా అడగాలి. ఈ తేడాతోనే ఆ పాస్ మీకు పనికొస్తుందో లేదో తేలిపోతుంది.

మెషీన్లు తక్కువైనా పర్లేదు. ఒక రాక్, వాలు మార్చుకునే బెంచి, బార్‌బెల్, డంబెల్స్, పైనుంచి లాగే కేబుల్ ఉంటే మొదటి ఏడాదికి సరిపోతాయి. ట్రెడ్‌మిల్ వరుసలు చూసి ఎక్కువ ఫీజు కట్టొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు వ్యాయామం కావాలి. ఆ నిమిషాలు వేగంగా నడిస్తే ఉచితంగానే వస్తాయి. మీరు డబ్బు పెట్టాల్సింది బరువుల కోసం.

చిన్న ప్లేట్లు ఉన్నాయా చూడండి, అంటే 1.25 కిలోలవి. అవి లేకపోతే 2.5 కిలోల ప్లేటు రెండు వైపులా వేయాలి, ఒకేసారి 5 కిలోలు పెరుగుతుంది. స్క్వాట్‌లో 5 కిలోలు పెద్ద లెక్క కాదు. కానీ 25 కిలోలు తల పైకి ఎత్తుతున్న కొత్తవాళ్లకి అది ఐదో వంతు పెరగడం! అక్కడే వారాల తరబడి ఆగిపోతారు, లేదా నడుము వెనక్కి వంచి ఎత్తి నొప్పి తెచ్చుకుంటారు. డంబెల్స్ కూడా జత జతగా, మధ్యలో బరువులు వదిలేయకుండా ఉన్నాయో లేదో చూడండి. 10 తర్వాత నేరుగా 15 ఉంటే అదే ఇబ్బంది.

కేబుల్ మెషీన్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. హ్యాండిల్ తగిలించే కొస దగ్గర, పుల్లీ మీద వంగే చోట కేబుల్‌ని దగ్గరగా చూడండి. పైన ప్లాస్టిక్ తొడుగు చీలి లోపలి ఉక్కు పోగులు బయటపడి ఉంటే ఆ మెషీన్ ముట్టుకోవద్దు. తెగితే హ్యాండిల్ మీ మొహం మీదికే వస్తుంది. తర్వాత బార్ ప్లేట్లు ఎక్కించే కొసని చేత్తో తిప్పండి, నున్నగా తిరగాలి. బిగుసుకుపోయి ఉంటే ఎత్తేటప్పుడు ప్లేట్లతో పాటు మీ మణికట్టు కూడా మెలి తిరుగుతుంది. బెంచి ఒక మూల నొక్కితే ఊగకూడదు. ఈ మూడూ బాగుంటే మిగతా నిర్వహణ కూడా చాలావరకు బాగుంటుంది.

కౌంటర్ వైపు:
డబ్బు పోయేది ఎక్కువగా చేరేటప్పుడు కాదండీ, మానేసేటప్పుడు. అందుకని మూడు అంకెలు కాగితం మీద రాయించుకోండి: ఈ రోజు మొత్తం ఎంత కట్టాలి, ప్రతి నెలా ఎంత పోతుంది, మానేస్తే ఎంత పోతుంది. మొదటిదాంట్లో జాయినింగ్, కార్డు, లాకరు, పన్ను అన్నీ కలిపి చెప్పమనండి. కొన్నిచోట్ల ఏటా ఒకసారి మెయింటెనెన్స్ ఫీజు అని విడిగా తీసుకుంటారు, అది నెల ఫీజు ప్రకటనలో కనిపించదు.

బ్యాంకు నుంచి ఆటో డెబిట్ పెట్టమంటే నోటీసు గడువు ఎన్ని రోజులో అడగండి. 30 రోజులైతే, మే నెలాఖరుకి మానాలంటే ఏప్రిల్ నెలాఖరుకే చెప్పాలి. నోటిమాటగా చెప్పి ఊరుకుంటే రికార్డు ఉండదు, కోత ఆగదు. మెయిల్ పంపి జవాబు దాచుకోండి. ఒప్పందం చూడకుండా బ్యాంకులో కోత మాత్రం ఆపేస్తే బాకీ కింద రాసుకునే చోట్లు ఉన్నాయి, అది వేరే తలనొప్పి.

బేరం ఆడొచ్చు. అమ్మకాల టార్గెట్ ఉన్న జిమ్‌లలో నెలాఖరు వారం అడగడానికి మంచి సమయం. నెల ఫీజు తగ్గించమంటే ఒప్పుకోకపోవచ్చు గానీ, జాయినింగ్ ఫీజు మాఫీ, పరీక్షల నెలకి ఫ్రీజ్ (ఆ నెల సభ్యత్వం ఆపి ఉంచడం), ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి చేరితే తగ్గింపు లాంటివి అడిగితే ఇచ్చే అవకాశం ఉంది. ఐడీ కార్డు దగ్గర పెట్టుకుని వెళ్లండి. "ఈ రోజే కట్టాలి, రేపు ఆఫర్ ఉండదు" అంటే ఆ రోజు కట్టకుండా ఇంటికి వచ్చేయండి.

తొలిసెట్:
చాలా ఉపయోగపడింది అండీ. రెండోదాంట్లో చేరాలనుకుంటున్నాను. కానీ అక్కడ బెంచి దగ్గర సేఫ్టీ బార్లు (బరువు మీద పడకుండా ఆపే కడ్డీలు) లేవు. ట్రైనర్‌కి విడిగా కట్టలేను. ఒంటరిగా చేయొచ్చా? సెలవుల్లో ఏం చేయాలి?

రాక్‌పక్క:
సేఫ్టీ బార్లు లేని బెంచి మీద ఒంటరిగా బార్‌బెల్‌తో చేయొద్దు, డంబెల్స్‌తో చేయండి. చేయలేకపోతే పక్కకి దించేయొచ్చు. స్క్వాట్ కూడా మొదట్లో ఒక డంబెల్‌ని ఛాతీకి ఆనించి పట్టుకుని చేయండి.

ట్రైనర్ ప్యాకేజీ అవసరం లేదు. చేరగానే ఒక పరిచయ సెషన్ ఉచితంగా ఇస్తారేమో అడగండి. అది ఉంటే మెషీన్లు చూపించడానికి కాకుండా, స్క్వాట్, వీపు తిన్నగా ఉంచి తుంటి దగ్గర వంగి బరువు లేపే కదలిక, ఈ రెండూ సరిదిద్దించుకోవడానికి వాడుకోండి. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. ఒక్కోసారి ఐదు వ్యాయామాలు: స్క్వాట్, ముందుకి తోయడం, తన వైపు లాగడం, తుంటి దగ్గర వంగి లేపడం, పైనుంచి లాగడం. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, మూడు సెట్లు. మూడు సెట్లలోనూ 12 వచ్చాకే బరువు ఒక మెట్టు పెంచండి. నోట్‌బుక్‌లో రాసుకోకపోతే పోయినసారి ఎంత ఎత్తారో గుర్తుండదు, అదే బరువు దగ్గర నెలలు గడిచిపోతాయి.

గదిలోనే:
సెలవుల్లో బ్యాక్‌ప్యాక్ చాలు. లీటరు నీళ్లు అంటే కిలో, కాబట్టి సీసాలతో బరువు లెక్కగా పెంచుకోవచ్చు. సీసాల మధ్య బట్టలు కుక్కితే కదలవు. దాన్ని వీపున వేసుకుని పుషప్స్ చేయండి. వెనక కాలు కుర్చీ మీద పెట్టి ఒంటికాలి స్క్వాట్స్ చేయండి. ముందుకి వంగి సంచీని పొట్ట వైపు లాగండి. గోడకి ఆనించిన కుర్చీ అయితేనే వాడండి.

పైనుంచి లాగే వ్యాయామానికి రబ్బరు బ్యాండ్ ఒకటి కొనుక్కోండి, తలుపు పైఅంచుకి తగిలించే పట్టీతో సహా. తలుపు మీ వైపు తెరుచుకునేది అయితే గడియ వేసి మరీ లాగండి, లేకపోతే తలుపే తెరుచుకుని మీ మీదికి వస్తుంది. వాడే ముందు ప్రతిసారీ బ్యాండ్‌ని సాగదీసి వెలుతురులో చూడండి. అంచున చిన్న చీలిక కనిపించినా పారేయడమే. ఎండలో ఆరేస్తే రబ్బరు తొందరగా పెళుసెక్కుతుంది, నీడలోనే పెట్టండి.