‘ద హెల్ప్’ నవలలో పనిమనిషికి వేరే బాత్రూమ్: చట్టమా, వాడుకా?

పుస్తకాలసంచి:
కాథ్రిన్ స్టాకెట్ ‘ద హెల్ప్’ (2009) మీద మా పఠన బృందంలో చర్చ పెట్టుకున్నాం. కథ జరిగేది 1960ల తొలినాళ్ళ జాక్సన్‌లో, అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం. నల్లజాతి పనిమనిషికి ప్రతి ఇంట్లోనూ వేరే బాత్రూమ్ ఉండాలని హిల్లీ అనే తెల్ల ఇల్లాలు ఒక బిల్లు రాసి తిప్పుతుంది కదా, అలాంటి చట్టం నిజంగా ఉండేదా? వీళ్ళ జీతం, పింఛను సంగతేమిటి?

చరిత్రపుటలు:
బిల్లు కల్పితం. బడి, రైలు, బస్సు, పెళ్ళి, వీటన్నిటికీ జిమ్ క్రో చట్టాలు (నల్లవాళ్ళని తెల్లవాళ్ళ నుంచి వేరుగా ఉంచే చట్టాలు) ఉండేవి. ఇంటి గడప లోపల మాత్రం వాడుకదే రాజ్యం. వంట ఆమే చెయ్యాలి, పసిపిల్లని ఆమే ఎత్తుకోవాలి, కప్పు మాత్రం వేరు. మన రెండు గ్లాసుల పద్ధతి గుర్తొస్తుంది. కాకపోతే ఇక్కడ అది చట్టరీత్యా నేరం, అక్కడ గడప దాటి వీధిలోకి వస్తే వేరుచేసేది చట్టమే.

లెక్కలమాస్టారు:
బాత్రూమ్ దగ్గరే ఆగిపోకండి, అసలు దెబ్బ జీతం దగ్గర పడింది. 1935 సోషల్ సెక్యూరిటీ (పింఛను) చట్టం ఇంటిపనినీ వ్యవసాయ కూలినీ వదిలేసింది. దక్షిణాదిలో నల్లజాతి ఆడవాళ్ళలో ఎక్కువమందికి దొరికే పనులు ఆ రెండే. 1938 కనీస వేతన చట్టం ఇంటిపనివాళ్ళకి వర్తించింది 1974 సవరణతోనే. అంటే 1963 సెప్టెంబరులో కనీస వేతనం గంటకి 1.25 డాలర్లయినా నవలలోని పనిమనిషి మిన్నీకి ఒరిగిందేమీ లేదు.

పింఛనులోకి 1951 నుంచి రానిచ్చారు, షరతు మీద. 1954 సవరణ తర్వాతి నిబంధన ఇది: ఒకే యజమాని దగ్గర మూడు నెలల్లో కనీసం 50 డాలర్ల నగదు జీతం రావాలి. నవలలోని ఇంకో పనిమనిషి ఐబిలీన్ లాగా వారమంతా ఒకే ఇంట్లో చేస్తే తేలిగ్గా దాటుతుంది. రోజుకో ఇల్లు, ఇంటికి 3 డాలర్లు అనుకోండి: 13 వారాలకి 39. అయిదిళ్ళలో చేసినా ఏ ఇంటి లెక్కా 50కి చేరదు. పాత గౌన్లు, మిగిలిన కూరలు నగదు కిందకి రావు. అర్హత ఉన్నా యజమానురాలు జీతంలో 3.625 శాతం (1963 రేటు) కోసి, తన వాటా అంతే కలిపి కట్టాలి. ఆవిడ కట్టకుండా ఊరుకుంటే ఆ మూడు నెలలు పనిమనిషి ఖాతాలో పడవు. అడిగితే పని పోతుంది.

పుస్తకాలసంచి:
ఈ లెక్క అసలు తెలియదండీ. మరి ఈ నవల మీద నల్లజాతి చరిత్రకారిణుల అభ్యంతరం ఏమిటి?

చరిత్రపుటలు:
సినిమా వచ్చిన 2011లో వాళ్ళ సంఘం ఒక బహిరంగ ప్రకటన ఇచ్చింది. యాసని వికృతంగా రాశారని, తెల్లవాళ్ళ ఇళ్ళలో పనివాళ్ళపై జరిగిన లైంగిక వేధింపుల ఊసే కథలో లేదని, నల్లవాళ్ళ ఉద్యమం పక్కకి పోయిందని. చివరిది నాకూ సబబే అనిపిస్తుంది. నల్లజాతి పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ని 1963 జూన్ 12న జాక్సన్‌లోనే కాల్చి చంపారు. నవలలో ఆ వార్త వినపడుతుంది, కానీ కథని నడిపేది పనిమనుషుల అనుభవాల మీద స్కీటర్ అనే తెల్ల యువతి రాసే పుస్తకం.

పక్కన ఆన్ మూడీ ఆత్మకథ ‘కమింగ్ ఆఫ్ ఏజ్ ఇన్ మిసిసిపీ’ (1968) పెట్టుకోండి. చిన్నప్పటి నుంచీ తెల్లవాళ్ళ ఇళ్ళలో పనిచేసిన మనిషి, 1963 మే 28న జాక్సన్‌లోని వూల్‌వర్త్ దుకాణంలో తెల్లవాళ్ళకే పరిమితమైన లంచ్ కౌంటర్ దగ్గర నిరసనగా కూర్చుని కెచప్, ఆవపిండి ముద్ద తలమీద పోయించుకుంది. టైము తక్కువుంటే ఇంటిపని గురించిన తొలి అధ్యాయాలూ ఆ కౌంటర్ ఘట్టమూ చాలు.