ఫ్యుమారిక్ ఆమ్లంలో మిగిలిన మలేయిక్‌ను పట్టుకోవడం ఎలా?

కావలిలో డిగ్రీ విద్యార్థులకు జ్యామితీయ సాదృశ్యం (ఒకే పరమాణువులు, అమరికలో మాత్రం తేడా) ప్రాక్టికల్ పెడుతున్నాం. 10 గ్రాముల మలేయిక్ ఆమ్లాన్ని 10 మి.లీ. గోరువెచ్చని నీళ్లలో కరిగించి, 20 మి.లీ. గాఢ హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ ఆమ్లం) కలిపి అరగంట రిఫ్లక్స్ (ఆవిరి చల్లబడి తిరిగి ఫ్లాస్కులోకే వచ్చేలా మరిగించడం) చేయిస్తున్నాం. ఇందులో మలేయిక్ ఫ్యుమారిక్‌గా మారుతుంది. ఫ్యుమారిక్ వేడి మీదే స్ఫటికాలుగా దిగుతుంది. ఆ స్ఫటికాల వల్లే ఫ్లాస్కు ఎగిరెగిరి పడుతుంది, పింగాణీ ముక్కలు మరవకండి. చల్లార్చి వడకట్టి, పలుచటి హెచ్‌సీఎల్‌లో తిరిగి స్ఫటికీకరిస్తాం.

ఇబ్బంది శుద్ధత దగ్గరే. రెండింటిలోనూ నాలుగేసి కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులే. తేడా అంతా ద్విబంధానికి రెండు కార్బాక్సిల్ సమూహాలు ఒకే పక్కన ఉన్నాయా, ఎదురెదురుగా ఉన్నాయా అన్నదే. తుల్యభారం రెండింటికీ 58, కాబట్టి సోడియం హైడ్రాక్సైడ్ టైట్రేషన్ తేడా చూపదు. బ్రోమిన్ నీళ్లు, పర్మాంగనేటు రెండింటితోనూ రంగు పోగొట్టుకుంటాయి. కైరల్ కేంద్రం (నాలుగు వేర్వేరు సమూహాలున్న కార్బన్) లేదు, కాంతి ధ్రువణ తలం ఎంత తిరిగిందో కొలిచే పోలారిమీటరూ దండగే. ఫ్యుమారిక్ 287 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అదీ మూసిన క్యాపిలరీలో. తెరిచి ఉంటే 200 దాటాక ఉత్పతనమైపోతుంది (కరగకుండానే ఆవిరైపోతుంది). లిక్విడ్ పారాఫిన్ పోసిన థీలే ట్యూబును (ద్రవీభవన స్థానం చూసే గాజు గొట్టం) అంత వేడికి తీసుకెళ్లడం ప్రమాదం.

ప్రస్తుతానికి అర గ్రామును 5 మి.లీ. చల్లని నీళ్లలో కలిపి చూస్తున్నాం: మలేయిక్ పూర్తిగా కరుగుతుంది, ఫ్యుమారిక్ దాదాపు అంతా అడుగున నిలుస్తుంది. కానీ ఐదు శాతం కల్తీ దీనికి దొరకదు.

యూవీ ల్యాంపు లేకుండా, బ్రోమోక్రెసాల్ గ్రీన్ (ఆమ్లాల మచ్చలను రంగుతో చూపే సూచిక) చల్లి చూసే టీఎల్‌సీలో (పలుచటి పొర క్రోమటోగ్రఫీ) ఈ రెండు మచ్చలూ స్పష్టంగా విడిపోయే ద్రావణి మిశ్రమం ఎవరైనా వాడారా? ఏ నిష్పత్తిలో?