మేకపిల్లల్ని తల్లి దగ్గర్నుంచి ఎప్పుడు విడదీయాలి? ఎలా?

దేవరకొండ_జీవాలు:
అందరికీ నమస్తే. నాన్న మందలోంచి కొన్ని మేకల్ని నేను షెడ్డులో వేరుగా పెట్టుకున్నాను. పిల్లలకు ఇప్పుడు రెండున్నర నెలలు, ఎక్కువ కవలలే. తల్లులు బాగా చిక్కిపోయాయి, వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలే తగులుతున్నాయి. మళ్లీ ఎదకు వచ్చింది ఒక్కటీ లేదు. నాన్నేమో "వదిలెయ్, తల్లే తన్ని తరుముతది" అంటాడు. ట్రైనింగ్ ఇచ్చినాయన నెలన్నరకే వేరు చెయ్యమన్నాడు. ఎవరి మాట వినాలి? రాత్రంతా అరుస్తాయేమోనని టెన్షన్, షెడ్డు పక్కనే ఇళ్లున్నాయి.

కడప_మేకలోడు:
నెలన్నర అనేది పాలు పిండుకునేవాళ్ల లెక్క తమ్ముడూ. వాళ్లు పిల్లలకు సీసాతో పాలు పడతారు. మాంసానికి పెంచే మనకు మూడు నెలలు. నాన్న చెప్పినట్టు తల్లి తన్నేదాకా ఆగితే మాత్రం తర్వాతి ఈత వెనక్కి పోతుంది.

కళ్యాణదుర్గం_అక్క:
మా ఆయన మందతో పోతాడు, పిల్లల పని నాది. నేను నెలలు లెక్కపెట్టను తమ్ముడూ. తల్లులు మేతకు పోయాక మధ్యాహ్నం పూట దొడ్లో కాసేపు కూర్చుంటా. పిల్ల పడుకుని దవడ ఆడిస్తూ నెమరేస్తోందా, పెంటికలు గట్టిగా, విడివిడిగా పడుతున్నాయా అని చూస్తా. ఆ రెండూ ఉంటే దానికి పాలతో పని తీరినట్టే. కవలల్లో ఒకటి ఎప్పుడూ బక్కగానే ఉంటుంది, దాన్ని ఇంకో రెండు వారాలు తల్లి దగ్గరే వదులు. రెండింటికీ ఒకే ముహూర్తం పెట్టాలని ఎక్కడా లేదు.

ఇంకో మాట. పిల్లల్ని కదిలించొద్దు, తల్లుల్ని మార్చు. అలవాటైన చోటు, నీళ్ల తొట్టి అలాగే ఉంటే అవి సగం బెంగ పెట్టుకోవు. మొదట రాత్రిపూట మాత్రం వేరుగా కట్టి, పొద్దున, సాయంత్రం తాగనివ్వు. నాలుగైదు రోజులాగి పొద్దున ఒక్కపూటే, ఆ తర్వాత అదీ మానిపించు. మధ్యలో జాలీ ఉండి ఒకదానికొకటి కనిపిస్తుంటే అరుపులు తక్కువ. రెండు మూడు రాత్రులు గోల తప్పదు, పక్కింటివాళ్లకు ముందే చెప్పి పెట్టుకో.

అవిశ రెమ్మలు, సుబాబుల్ కట్టలు కింద వెయ్యకుండా తాడుతో వేలాడదియ్యి. పిల్ల ముందుకాళ్లెత్తి అందుకునేంత ఎత్తు చాలు. కింద పడేస్తే తొక్కి, ఉచ్చ పోసి, తర్వాత మూతి కూడా పెట్టవు. మేక బుద్ధి అంతే!

తల్లికి దాణా నాలుగు రోజుల ముందే తగ్గించి ఎండుమేత వెయ్యి, పాలు వాటంతటవే ఇంకుతాయి. పొదుగు మరీ బిగిస్తే కాస్త పిండి వదులు, ఖాళీ చేశావంటే మళ్లీ చేపుతుంది. పిల్లలు తాగకుండా మావైపు చనులకు పేడ పూసేవాళ్లున్నారు. నాకది నచ్చదు, ఆ మురికే పొదుగు వాపుకు దారి. దానికన్నా పొదుగుకు గుడ్డ సంచి కట్టడం నయం.

పశువైద్య_సహాయకుడు:
అక్క చెప్పింది సరిగ్గా ఉంది. పాలు తాగినన్నాళ్లూ పిల్ల పెద్దపొట్ట (మేత ఊరి అరిగే పొట్ట భాగం) చిన్నగానే ఉంటుంది. ఆకు, గింజ తినడం మొదలుపెట్టాకే అది పెరుగుతుంది. అందుకే రెండు మూడు వారాల వయసు నుంచే పిల్లలు మాత్రమే దూరేంత సందు పెట్టి, లోపల కొంచెం దాణా ఉంచాలి. నలగ్గొట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క, తవుడు, పిడికెడు ఖనిజ లవణ మిశ్రమం కలిపితే చాలు. పాలు మాన్పించగానే జాలిపడి దాణా ఒక్కసారిగా పెంచకండి. చిటుకు రోగం అలాంటప్పుడే వస్తుంది, అదీ బాగా బలిసిన పిల్లకే ముందు వస్తుంది. సాయంత్రం గంతులేసిన పిల్ల తెల్లారేసరికి చచ్చిపడి ఉంటుంది. దానికి టీకా ఉంది. పీపీఆర్ (మేకలు, గొర్రెలకు వచ్చే ప్లేగులాంటి అంటురోగం) టీకా కూడా మూడు నెలలు దాటాక వేయించండి. పాలు మాన్పించిన వారంలోనే టీకా, నట్టల మందు అన్నీ పెట్టుకోకండి, పిల్ల తట్టుకోలేదు.

దేవరకొండ_జీవాలు:
చాలా థాంక్స్ అక్కా, సార్. మరి పోతుపిల్లల సంగతి? ఒకటి అప్పుడే చెల్లెలి మీదికి ఎక్కుతోంది.

కళ్యాణదుర్గం_అక్క:
ఇప్పుడది ఆటే. కానీ నాలుగో నెలకు నిజంగానే చూడి కట్టించగలదు, తల్లినైనా వదలదు. మూడు నెలలు నిండగానే పోతుల్ని వేరే దొడ్లో వెయ్యి. అమ్మకానికి పెంచేవైతే డాక్టరు దగ్గర విత్తు కొట్టించు. పెంటిపిల్లల్ని మాత్రం పాలు ఇంకాక మళ్లీ తల్లులతో కలపొచ్చు. అయినా ఒకటి రెండు దొంగచాటుగా పొదుగు కింద దూరతాయి, కనిపెట్టుకుని ఉండు.