గిటార్ టోన్ వేళ్ళలో ఉందా, ఆంప్‌లో ఉందా?

కొత్తతీగ: దాచుకున్న 40 వేలు ఉన్నాయి. నా ఎలక్ట్రిక్ గిటార్ ధ్వనిని పెంచడానికి ఇప్పుడున్నది చిన్న ట్రాన్సిస్టర్ ఆంప్ (యాంప్లిఫయర్). గాజు గొట్టాలతో పనిచేసే వాల్వ్ ఆంప్ కొనమని స్నేహితుడు పోరుతున్నాడు. గురువుగారేమో ‘ముందు చెయ్యి బాగుచేసుకో’ అంటున్నారు. ఎవరి మాట వినాలి?

మీటుమాస్టారు: గురువుగారి మాటే. తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌కు అందేది ఆ కదలికే, దాన్ని పుట్టించేది మీ చెయ్యి. తీగలు ఆనే అడుగు చివర, అంటే బ్రిడ్జి దగ్గర మీటితే పదును, మెడ వైపు జరిగితే గుండ్రన. తీగను సరిగ్గా నడుమ మీటండి, సరి సంఖ్య హార్మోనిక్స్ (మూల స్వరంతో పాటు పలికే పై స్వరాలు) దాదాపు పలకవు. ఇంగ్లిష్ రాక్ గిటారిస్టు జెఫ్ బెక్ 1980ల నుంచి పిక్ (తీగ మీటే చిన్న ముక్క) పక్కన పెట్టి బొటనవేలితో మీటేవారు, చిటికెనవేలు వాల్యూమ్ నాబ్ మీదే ఉండేది. క్వీన్ బృందం గిటారిస్టు బ్రయన్ మే అయితే పిక్ బదులు ఆరు పెన్నీల నాణెం వాడతారు. దాని గరుకు అంచు తీగను రాసుకుంటూ పోతుంది.

వాల్వువెలుగు: నాణెం చూపించి ఆంప్ దాచేశారేమి? ఆయన వెనుక వాక్స్ ఏసీ30 వాల్వ్ ఆంప్‌లు బారులు తీరి ఉంటాయి. వాటి ముందు పై స్థాయి ధ్వనిని పెంచే ట్రెబుల్ బూస్టర్. గిటార్ కూడా 1963లో మొదలుపెట్టి తండ్రితో కలిసి చేసుకున్నది. ఆ నాణెంతో ఈ అబ్బాయి చిన్న ఆంప్ మీద వాయించి చూపించండి.

మీటుమాస్టారు: నాణెం వంగదు, ప్లాస్టిక్ పిక్ వంగుతుంది. ఆ తేడా ఏ ఆంప్‌లోనైనా వినిపిస్తుంది.

వాల్వువెలుగు: వంగడమా, గరుకు అంచా? ఏదో ఒకటి తేల్చండి.

అరిగినమెట్టు: నేను పాత అర్ధరూపాయితో ప్రయత్నించాను. తీగ తెగింది.

గోదారిగట్టు: అంత దూరం ఎందుకు? మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారి గమకం వినండి. ఆ వాయిద్యం ఎవరైనా కొనుక్కోవచ్చు, ఆ ఎడమచెయ్యి ఎక్కడ దొరుకుతుంది?

వాల్వువెలుగు: మీరు చెప్పింది నాకే సాక్ష్యం. మామూలు మాండలిన్ జంట తీగలది, నాదం ఇట్టే ఆరిపోతుంది. ఆయన ఒంటి తీగల విద్యుత్ మాండలిన్ పట్టారు కనుకనే గమకం నిలిచింది. అంత గొప్ప చేతికీ తగిన వాయిద్యం కావలసి వచ్చింది.

మీటుమాస్టారు: ఏ వాయిద్యం కావాలో ఆ చేతికి తెలిసింది. ముందు చెయ్యి, తరువాత కొనుగోలు.

వాల్వువెలుగు: మీ ఇంట్లో రెండు వాల్వ్ ఆంప్‌లు ఉన్నాయి, ఫొటోలు మీరే పెట్టారు. కడుపు నిండినవారు ఉపవాస మహిమ చెప్పినట్టుంది. పదిహేనేళ్ళ క్రితం ఒక స్టూడియోలో నా ఆంప్ చూసి నవ్వారు. నేను ఒక్క స్వరం పలికించకముందే ఆ పని వేరొకరికి ఇచ్చారు. అప్పుడు నా వేళ్ళను ఎవరూ అడగలేదు.

మీటుమాస్టారు: ఆ రెండూ అప్పు చేసి కొన్నవి. మొదటిది వచ్చిన రాత్రి రికార్డు చేసుకుని విన్నాను. అదే తడబాటు, కాస్త ఖరీదైన ధ్వనితో. మూడేళ్ళు వాయిదాలు కట్టాను. ఈ అబ్బాయి కట్టకూడదనే నా గోల.

వాల్వువెలుగు: ఈ అబ్బాయి నాలాగా గుమ్మంలోనుంచి వెనక్కి రాకూడదని నా గోల. ఆ మాట ముందే చెప్పి ఉంటే నాణెం దాకా వచ్చేవాళ్ళం కాదు.

అరిగినమెట్టు: కొత్తతీగ గారూ, ఆంప్‌లో గెయిన్ (గిటార్ సంకేతాన్ని ఎంత పెంచాలో తేల్చే నాబ్) ఎంతలో పెట్టి వాయిస్తున్నారు?

కొత్తతీగ: పూర్తిగా.

అరిగినమెట్టు: అదీ సంగతి. అంత గెయిన్‌లో మెల్లగా మీటినా గట్టిగా మీటినా అన్నీ ఒకే ఎత్తుకు నలిగిపోతాయి, చేతి తేడా బయటికి రాదు. వాల్వ్ ఆంప్‌ను ధ్వని గరగరలాడడం మొదలయ్యే అంచు మీద పెట్టి వాయిస్తే మెల్లగా మీటినప్పుడు స్వచ్ఛంగా, గట్టిగా మీటినప్పుడు గరగరగా పలుకుతుంది. అందరూ మెచ్చుకునే ‘స్పర్శ’ అదే. ముందు గెయిన్ బాగా తగ్గించి వినండి, కొనడం తరువాత.

కొత్తతీగ: తగ్గించాను. నా తప్పులన్నీ వినిపిస్తున్నాయి.

మీటుమాస్టారు: శుభం.

వాల్వువెలుగు: నాణెం అంచు సంగతి ఇంకా తేలలేదు.