ఎం.ఆర్.ఐ.లో ఏ లోపమూ లేదన్నారు. మరి సైకోసిస్ ముప్పు ఉన్నవారి మెదడులో తేడాలుంటాయన్న పరిశోధనల మాటేమిటి?

ప్రశ్న: తెనాలి అన్నయ్య

మా తమ్ముడికి పంతొమ్మిదేళ్లు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. కొంతకాలంగా, క్లాసులో వెనక బెంచీవాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నట్టు ఉందని, రాత్రిపూట ఫ్యాను చప్పుడులో తన పేరు వినిపిస్తోందని చెబుతున్నాడు. అదంతా తన భ్రమే కావచ్చునని కూడా తానే అంటున్నాడు. సైకియాట్రిస్టు గారు వాడితో చాలాసేపు మాట్లాడి, ఇది సైకోసిస్ (లేనివి వినబడుతూ, నిజం కానివాటిని నిజమని గట్టిగా నమ్మే మానసిక జబ్బు) కాదు గానీ ఆ ముప్పు ఎక్కువగా ఉన్న దశ అని చెప్పి, ఎం.ఆర్.ఐ. తీయించారు. ఏ లోపమూ లేదని రిపోర్టు వచ్చింది. అది చూసినప్పటి నుంచి మా పెద్దనాన్నగారు "మెదడు బాగానే ఉందిగా, ఇంకా ఆ డాక్టరు చుట్టూ తిరగడం ఎందుకు?" అంటున్నారు. మరోవైపు, ఇటువంటివారి మెదడు నిర్మాణంలో తేడాలుంటాయని, కంప్యూటరు వాటిని ముందే పసిగట్టగలదని చదివాను. ఈ రెండూ ఎలా పొసగుతాయి? ఇంతకన్నా మంచి స్కానింగ్ ఎక్కడైనా చేయించాలా?

జవాబు: మెదడు స్కాన్‌ల మీద పరిశోధన చేస్తున్న విద్యార్థిని

రెండూ నిజమేనండీ. మీరు చదివిన తేడాలు వందలాది మంది స్కాన్‌లను కలిపి సగటు తీస్తే బయటపడేవి. రేడియాలజిస్టు చూసేది ఒక్కరి మెదడును, అదీ గడ్డ, రక్తస్రావం, వాపు వంటివేమైనా ఉన్నాయా అని.

ఈ అంశంపై వచ్చిన పెద్ద అధ్యయనాల్లో ఒకటి 2021లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ బృందం ప్రచురించినది. అందులో 31 కేంద్రాల నుంచి, ముప్పు దశలో ఉన్న 1,792 మంది స్కాన్‌లను సేకరించి 1,377 మంది ఆరోగ్యవంతుల స్కాన్‌లతో పోల్చారు. ముప్పు దశలో ఉన్నవారిలో మెదడు పైపొర, అంటే కార్టెక్స్, చాలా చోట్ల సగటున కాస్త పలుచగా ఉన్నట్టు తేలింది. దాని వైశాల్యంలో గానీ, మెదడు లోపలి భాగాల పరిమాణంలో గానీ అటువంటి తేడా కనబడలేదు. తర్వాతి కాలంలో సైకోసిస్ వచ్చిన 253 మందిలో, చెవుల వైపు ఉండే టెంపొరల్ భాగపు పైమడతతో సహా కొన్ని చోట్ల ఈ పలచదనం మరికొంత ఎక్కువగా ఉంది.

ఆ "కాస్త" ఎంతన్నదే మీ ప్రశ్నకు అసలు జవాబు. గణాంకాల్లో తేడా తీవ్రతను చెప్పే కొలమానం ప్రకారం రెండు గుంపుల మధ్య అది 0.2 కన్నా తక్కువే. ముప్పు దశలో ఉన్న ఒకరిని, ఆరోగ్యంగా ఉన్న మరొకరిని ఎంపిక లేకుండా తీసుకుని పక్కపక్కన పెడుతూ పోతే, నూరు జతల్లో దాదాపు 55 జతల్లో మొదటివారి కార్టెక్స్ పలుచగా ఉంటుందని దానర్థం. తేడాయే లేకపోతే ఆ సంఖ్య 50 ఉండేది. పైగా కార్టెక్స్ సగటు మందమే రెండున్నర మిల్లీమీటర్లు, మామూలు పరిశోధన స్కాన్‌లో ఒక్కో చుక్క ఒక మిల్లీమీటరు. మనిషి స్కానర్‌లో తల కొద్దిగా కదిలించినా కొలతలో కార్టెక్స్ ఉన్నదానికన్నా పలుచగా తేలుతుంది. కాబట్టి ఇంకా మంచి యంత్రం కోసం వెతకడం వల్ల ప్రయోజనం లేదు.

నాకు ఇంతకన్నా విలువైనదిగా తోచేది మార్పు వేగం. కౌమారం దాటే వయసులో అందరి కార్టెక్సూ సహజంగానే పలుచబడుతూ వస్తుంది. ఉత్తర అమెరికాలో ముప్పు దశలో ఉన్న 274 మందిని కొంతకాలం గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, సైకోసిస్ వచ్చిన 35 మందికి మెదడు ముందుభాగంలో కుడివైపు ఆ పలుచబడటం మిగతావారికన్నా వేగంగా జరిగింది, మెదడు మధ్యలో ద్రవం నిండి ఉండే మూడో జఠరిక కూడా వెడల్పైంది. అంటే ఒకసారి తీసిన ఫొటోలో కనబడనిది కాలక్రమంలో కనబడవచ్చు.

కంప్యూటరు సంగతికి వస్తే, 2024లో ఎనిగ్మా స్కాన్‌లతోనే చేసిన ప్రయత్నంలో, కొత్త స్కాన్‌ల మీద పరీక్షించినప్పుడు 73 శాతం సరిగ్గా చెప్పగలిగింది. అయితే అది ప్రధానంగా వేరు చేసింది తర్వాత సైకోసిస్ వచ్చినవారిని, ఆరోగ్యవంతులను. ముప్పు దశలో ఉన్నవారిలోనే ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అన్నది వేరే ప్రశ్న, మీకు కావలసింది అదే. ఆసుపత్రిలో వాడదగిన సాధనం దానికింకా లేదు.

జవాబు: సైకియాట్రిస్టు, విశాఖపట్నం

ఆ ఎం.ఆర్.ఐ. చేయవలసిన పని చేసింది. ఇటువంటి లక్షణాలు కలిగించగల గడ్డల వంటివి లేవని తేల్చింది. ముప్పు దశను నిర్ణయించేది మాత్రం రోగితో పద్ధతి ప్రకారం సాగే సంభాషణే. ముప్పు దశలో ఉన్నవారి కోసం 1994లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మొదలైన పేస్ క్లినిక్ ఈ మార్గం వేసింది. ఈ దశలో ఉన్నవారిలో మూడేళ్లలో సైకోసిస్ వచ్చేది సుమారు నాలుగో వంతు మందికే. ముందుజాగ్రత్త పేరుతో సైకోసిస్ మందులు మొదలుపెట్టవద్దని, ఆలోచనా విధానాన్ని సరిచేసే మాటల చికిత్స ఇవ్వాలని, అవసరాన్ని బట్టి కుటుంబాన్నీ అందులో కలపాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. గంజాయి జోలికి పోకుండా చూడండి, నిద్ర వేళలు తప్పనివ్వకండి, డాక్టరు చెప్పిన తేదీలకు తప్పక తీసుకెళ్లండి.

జవాబు: హనుమకొండ అమ్మ

బాబూ, మా అమ్మాయి విషయంలో మా మరిదిగారు కూడా సరిగ్గా ఇలాగే అన్నారు. వాదించి లాభం లేదని, తర్వాతిసారి ఆయననే వెంటబెట్టుకుని వెళ్లాం. డాక్టరుగారు రిపోర్టు ఆయన ముందు పెట్టి, ఇందులో ఏమేమి కనబడతాయో, ఏవి కనబడవో ఓపికగా చెప్పారు. అప్పటి నుంచి పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లేది ఆయనే. మీ పెద్దనాన్నగారిని కూడా ఒకసారి తీసుకెళ్లి చూడండి.

ప్రశ్న: తెనాలి అన్నయ్య

అందరికీ కృతజ్ఞతలు. వచ్చేసారి పెద్దనాన్నగారిని తప్పకుండా తీసుకెళ్తాను. మార్పు వేగం ముఖ్యమన్నారు గనుక ఏటేటా ఎం.ఆర్.ఐ. తీయించడం మంచిదా?

జవాబు: సైకియాట్రిస్టు, విశాఖపట్నం

అవసరం లేదండీ. ఆ వేగం కూడా సగటులోనే తెలిసేది. ఫిట్స్ వచ్చినా, వాంతులతో కూడిన తలనొప్పి తగ్గకపోయినా, కాలో చెయ్యో బలహీనపడినా మళ్లీ తీయవలసి రావచ్చు. అతను ఇప్పుడు "భ్రమే కావచ్చు" అంటున్నాడు. ఆ సందేహం పోయి అంతా నిజమేనని గట్టిగా నమ్మడం మొదలుపెడితే, తదుపరి తేదీ దాకా ఆగకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. చనిపోవాలనే మాట వస్తే ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. వేళ కాని వేళలో ఎవరితోనైనా మాట్లాడవలసి వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు, అక్కడ తెలుగులో మాట్లాడతారు.