గోల్స్ కొట్టని వింగర్ విలువ ఎలా లెక్కించాలి?

మా అండర్-16 ఫుట్‌బాల్ జట్టు రైట్ వింగర్ (కుడి అంచున ఆడే అటాకర్) ఆరు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా కొట్టలేదు, అసిస్ట్ (గోల్‌కి దారితీసిన పాస్) ఒక్కటే. పక్కన పెట్టమంటున్నారు. లివర్‌పూల్ వింగర్‌గా మహమ్మద్ సలా 2024-25 ప్రీమియర్ లీగ్‌లో 29 గోల్స్, 18 అసిస్ట్‌లు చేశాడు, అలాంటి వాళ్ల విలువ ఎవరికైనా కనిపిస్తుంది. మావాడు మైదానం అంచున సున్నపు గీతకు బూటు ఆనించి నిలబడితే చాలు, అవతలి లెఫ్ట్ బ్యాక్‌తో పాటు ఒక మిడ్‌ఫీల్డర్ కూడా అటే జరుగుతాడు, మధ్యలో దారి దొరుకుతుంది. వాడు లేని రెండు మ్యాచ్‌ల్లో మేం మధ్యలోనే ఇరుక్కుపోయాం.

క్రాస్‌లు, డ్రిబుల్స్ నోట్‌బుక్‌లో లెక్క రాశాను, ఏమీ తేలలేదు. ఫోన్‌లో వీడియో తీస్తే అవతలి వైపు కనపడలేదు. స్ట్రైకర్‌గా 30 నిమిషాలు ఆడించినా లాభం లేదు. పిల్లాడికి అన్యాయం జరుగుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

డిఫెండర్లను తనవైపు లాగే వింగర్ విలువ తెలియాలంటే, గ్రౌండ్ పక్కన నిలబడి ఏ ఒక్కటి లెక్కపెట్టాలి?